మామగారు తప్పిపోయారు

“ఆనందానికి వారసులుండరు. అర్హులే ఉంటారు!”

మా ఛైర్మన్ గారు ఈ మహావాక్యం పలికినప్పుడు ఆయన వెనకనున్న కృత్రిమ జలపాతం కూడా ఒక్క క్షణం ఆగిపోయింది. కరెంటు పోయిందని గిట్టనివాళ్లు అంటారు. నేను మాత్రం జలపాతానికీ హృదయం ఉంటుందనే నమ్ముతాను. ఆ కంపెనీలో జీతం తీసుకుంటున్నవాణ్ణి, నమ్మకపోతే ఎలా?

మాది చిన్నాచితకా కంపెనీ కాదు. డజను వినోదవనాలు, వాటినిండా రాక్షస చక్రాలూ, మంచుకొండలూ, మాట్లాడే డైనోసార్లూ. ఇన్నింటినీ ఏలే ముఖ్య కార్యనిర్వహణాధికారి గారు ఏళ్ల తరబడి కెమెరాల ముందు నవ్వి నవ్వి, ఇక దవడలకు విశ్రాంతి కావాలని డాక్టరు చెప్పడంతో పదవి దిగుతున్నారు. ఆ కుర్చీకి తగినవాణ్ణి ప్రపంచమంతా గాలించి తెస్తామని ఛైర్మన్ గారు విలేకరుల ముందు ప్రకటించారు. “అభ్యర్థుల్లో ఏ ఒక్కరికీ మా డైరెక్టర్లతో బీరకాయపీచు చుట్టరికం కూడా ఉండదు! ఉంటే నా పదవికి నేనే రాజీనామా చేస్తా!” అని బల్ల గుద్దారు. బల్ల మీది ప్లాస్టిక్ డైనోసారు అదిరిపడింది.

నేను వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టాను. నా ఉద్యోగంలో చప్పట్లు కొట్టడానికి తీరిక ఎక్కువ. ప్రధాన వనంలో తప్పిపోయిన పిల్లల్ని భద్రంగా ఉంచే కేంద్రానికి నేను అధికారిని. గది చిన్నది. గోడల మీద ఏనుగు బొమ్మలు, నాలుగు పొట్టి కుర్చీలు, ఒక మైకు. ఆ మైకు అక్కయ్యది. వయసులో నాకంటే చిన్నదే, కానీ వనమంతా అక్కయ్య అని పిలుస్తుంటే నేనొక్కణ్ణీ పేరు పెట్టి పిలవడం బాగుండదని నేనూ అక్కయ్య అనే అంటాను.

మా కేంద్రానికి ఒక పద్ధతి ఉంది. మా లెక్కలో పిల్లలు ఎప్పుడూ తప్పిపోరు, పెద్దవాళ్లే తప్పిపోతారు! ఏ బుడ్డోడో వెక్కుతూ వస్తే అక్కయ్య వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, “నువ్వెక్కడ తప్పిపోయావు నాన్నా? ఇక్కడే ఉన్నావుగా! తప్పిపోయింది మీ అమ్మ. పాపం, వెతుకుదామా?” అంటుంది. ఏడుపు ఠక్కున ఆగిపోతుంది. పైగా వాడికి ఎక్కడలేని పెద్దరికం వచ్చి, “మా అమ్మ ఎప్పుడూ ఇంతే” అని నిట్టూరుస్తాడు. అప్పుడు మైకులో ప్రకటన వెలువడుతుంది: “ఒక అమ్మగారు తప్పిపోయారు. వారి అబ్బాయి మా కేంద్రంలో క్షేమంగా ఉన్నాడు. అమ్మగారు ఎక్కడున్నా భయపడకుండా రాగలరు!” ఈ కంపెనీలో నేను మనసారా గర్వపడే సంగతి ఏదైనా ఉంటే అది ఇదే.

కానీ ఏనుగు బొమ్మల వల్ల కంపెనీకి పైసా రాబడి లేదు. మా గదిని ఎత్తేసి అక్కడ మేజోళ్ల దుకాణం పెట్టాలని పైవాళ్లకు ఎప్పటినుంచో కోరిక. అందుకే సిబ్బంది అధికారి నుంచి పిలుపు రాగానే, మేజోళ్లు వచ్చేశాయనుకుని బిక్కుబిక్కుమంటూ వెళ్లాను.

ఆయన లేచి నిలబడి నా చెయ్యి పట్టుకున్నారు. “అభినందనలు! మిమ్మల్ని ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవికి అభ్యర్థిగా ఎంపిక చేశాం!”

“నన్నా సార్?”

“కంగారుపడకండి. మీకు రాదు.”

నేను ఊపిరి పీల్చుకున్నాను. “మరి నన్నెందుకు సార్ నిలబెట్టడం?”

“పోటీ ఉండాలి కదండీ! ఒక్కడే పరిగెడితే దాన్ని పందెం అంటారా? వ్యాయామం అంటారు.” ఆయన తలుపు వేసి వచ్చి గొంతు తగ్గించారు. “విదేశాల్లో చదివిన ఒక యువకుడు ఉన్నాడు. ఆయన నడుం కొలతకి కుర్చీ ఎప్పుడో చేయించేశాం. మీకు కాబట్టి చెబుతున్నా, ఛైర్మన్ గారి అల్లుడు.”

“మరి ప్రపంచమంతా గాలిస్తామన్నారు?”

“గాలించాం! ప్రపంచం చుట్టి వచ్చేసరికి ఆయన ఇంట్లోనే ఉన్నారు. ఏం చేస్తాం చెప్పండి?”

నాతోపాటు ఓడిపోవడానికి మరో ఇద్దరు దొరికారట. ఒకాయన బిస్కట్ల కంపెనీ నడిపి విరమించారు. ఇంకొకాయన జన్మలో ఒక్కసారీ నవ్వకుండానే నవ్వు మీద లావుపాటి పుస్తకం రాసిన ప్రొఫెసరు. లోపలి మనిషి కూడా ఒకడుంటే ముచ్చటగా ఉంటుందని నన్ను కలిపారు.

“మీరు మర్యాదగా ఓడిపోండి,” అన్నారు సిబ్బంది అధికారి. “మీ కేంద్రం జోలికి ఎవరూ రారు. ఇది నా మాట కాదు, పైవాళ్ల మాట. కానీ మీరు గెలిచారో, మేజోళ్లే!”

ఇంటికి వెళ్లి విషయం చెబితే మా ఆవిడ చొక్కా ఇస్త్రీ చేస్తూ, “ఓడిపోవడం మీకు కొత్తేం కాదులెండి. ఇంట్లో రోజూ సాధన చేస్తూనే ఉన్నారుగా,” అంది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. “పొరపాటున వచ్చిందనుకోండి, కారు ఏ రంగుది ఇస్తారు?” అని కూడా అడిగింది. ఆలోచించవద్దని చెప్పి, నేను చాలాసేపు ఆలోచించాను.

పథకం పకడ్బందీగానే ఉంది. ఒక్క లోపం తప్ప. ఎంపిక బాగా జరిగిందని పదిమందికీ కనబడాలి కాబట్టి, మంచి పేరున్న ఒక నిపుణురాలిని తెచ్చి ఎంపిక బాధ్యత అప్పగించారు. తెచ్చినప్పుడు అల్లుడి సంగతి ఆవిడ చెవిన వెయ్యడం మరిచారు. ఎవరికివారు ఇంకొకరు చెప్పే ఉంటారనుకున్నారు. ఛైర్మన్ గారి మహావాక్యాన్ని ఊరంతా విని నవ్వుకుంటే, నిజమని నమ్మినది ఆవిడ ఒక్కతే.

ఇంటర్వ్యూలు చల్లగా గడిచిపోయాయి. అల్లుడుగారు గోడ మీద బొమ్మలు వేసి, ఎగబాకే గీతలు గీసి, వినోదవనాల భవిష్యత్తును అరగంటలో తేల్చేశారు. నన్ను మీ ఆశయం ఏమిటని అడిగితే, తప్పిపోయినవాళ్లు సాయంత్రానికి ఇళ్లకు చేరడం అన్నాను. డైరెక్టర్లు ముసిముసిగా నవ్వుకున్నారు. నేను బాగానే ఓడిపోతున్నానని సిబ్బంది అధికారి దూరం నుంచి బొటనవేలు చూపించారు.

అప్పుడు నిపుణురాలు ఆఖరి పరీక్ష ప్రకటించారు. “నలుగురూ సామాన్య సందర్శకుల్లా ప్రధాన ద్వారం దగ్గర లోపలికి వచ్చి, కోట బురుజులో ఉన్న బోర్డు గదికి ఎవరంతట వారు చేరుకోవాలి. ఫోను ఉండకూడదు. గుర్తింపు కార్డు ఉండకూడదు. సిబ్బంది దారి చూపకూడదు. మన అతిథి ఎలా నడుస్తాడో తెలియనివాడు మనల్నేం నడిపిస్తాడు?”

“భేష్!” అన్నారు డైరెక్టర్లు. ఎంత దూరమని, అల్లుడుగారు నాలుగడుగులు వేస్తే వచ్చేస్తారనుకున్నారు. వాళ్ల తప్పు లేదు. డైరెక్టర్లలో ఒక్కరూ ఏనాడూ వనంలో నడిచినవాళ్లు కాదు. వెనక గేటు దగ్గర కారు దిగి, లిఫ్టు ఎక్కి, నేరుగా బురుజులో తేలతారు. కింద దారులన్నీ దుకాణాల్లోంచే పోతాయని వాళ్లకు తెలియదు. అలా పోవాలని తీర్మానం చేసింది వాళ్లే! ‘బయటకు దారి’ అన్న బాణం పట్టుకుని వెళ్తే టోపీల దుకాణం వస్తుంది. అక్కణ్ణించి ‘బయటకు దారి’ అంటే బొమ్మల దుకాణం. అందులోంచి బయటపడితే మళ్లీ టోపీలు.

పరీక్ష రోజున ఫలితం చూడడానికి విలేకరులు బోర్డు గదిలో కెమెరాలు పెట్టుకుని కూర్చున్నారు. నేను మాత్రం గేటు దాటగానే అడ్డదారిన మా కేంద్రానికి చేరిపోయాను. అందరూ చేరాక, కాళ్లీడ్చుకుంటూ ఆఖరున వెళ్తే మర్యాదగా ఓడినట్టుంటుందని నా ఆలోచన.

అక్కయ్య నన్ను ఎగాదిగా చూసింది. “ఇవాళ మీరు అభ్యర్థి. ఇక్కడ ఉండకూడదు.”

“నేనూ తప్పిపోయాననుకో.”

“అయితే ఆ పొట్టి కుర్చీలో కూర్చోండి. మైకు దగ్గరికి రాకండి.”

మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను. కాసేపటికి కాపలా మనిషి ఒకాయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఒంటి మీద ఖరీదైన సూటు. తల మీద ఒకదాని మీద ఒకటి మూడు టోపీలు. చంకలో దూది ఎలుగుబంటి, చేతిలో బెలూను. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. సాక్షాత్తూ అల్లుడుగారు!

“బొమ్మల దుకాణం ముందు నిలబడి ఏడుస్తున్నాడక్కా. ఎటెళ్లాలో తెలియదంటున్నాడు,” అని అప్పగించి కాపలా మనిషి వెళ్లిపోయాడు.

“ఏం కాలేదు బాబూ, కూర్చో,” అంది అక్కయ్య. ఏ వయసువాడు వచ్చినా ఆవిడ గొంతు ఒక్కటే. “నువ్వు తప్పిపోలేదు. ఇక్కడే ఉన్నావుగా! మీవాళ్లే తప్పిపోయారు. నీతో ఎవరొచ్చారు?”

“ఎవరూ రాలేదు. పైన... బురుజులో... మా మామయ్య...” అల్లుడుగారు వెక్కుతున్నారు. “బయటకు దారి అని రాసి ఉందండీ! ఎన్నిసార్లు వెళ్లినా టోపీలే అమ్ముతున్నారండీ!”

“మామయ్య ఏం చేస్తుంటారు నాన్నా?”

“ఛైర్మన్.”

ఒక్క ఉదుటున లేచాను. కుర్చీ కూడా నాతోపాటే లేచింది. “అక్కయ్యా! ఈ ఒక్కసారికి మైకు వద్దు. నేను చెయ్యి పట్టుకుని మెల్లగా తీసుకెళ్లి దిగబెడతా.”

“తప్పిపోయినవాణ్ణి ఇంకో తప్పిపోయినవాడి చేతికి అప్పగించమంటారా? ఆ నిబంధన పెట్టింది మీరే!”

మైకు మీట నొక్కింది. వనంలోని ప్రతి స్తంభం మీదా, ప్రతి చక్రం కిందా, కోట బురుజులోని బోర్డు గదిలో సరిగ్గా ఛైర్మన్ గారి తల మీదున్న స్పీకరులోనూ అక్కయ్య గొంతు చల్లగా మోగింది.

“ఒక మామగారు తప్పిపోయారు. వారు ఈ కంపెనీ ఛైర్మన్. వారి అల్లుడుగారు మా కేంద్రంలో క్షేమంగా ఉన్నారు. మామగారు ఎక్కడున్నా భయపడకుండా రాగలరు!”

ఆ సమయానికి ఛైర్మన్ గారు కెమెరాల ముందు బంధుప్రీతి అనే చీడ గురించి మాట్లాడుతున్నారట. సగం వాక్యంలో ఆగిపోయారట.

మామగారు పరిగెత్తుకొచ్చారు. ఆయన వెనక డైరెక్టర్లు, వాళ్ల వెనక విలేకరులు, వాళ్ల వెనక ఐస్‌క్రీములు చేతబట్టుకుని సగం వనం. మా గుమ్మం దగ్గర ఊపిరాడలేదు.

“పద బాబూ, వెళ్దాం,” అని ఛైర్మన్ గారు చెయ్యి చాచారు.

అక్కయ్య అడ్డంగా నిలబడింది. “ఆగండి. పిల్లవాడు గుర్తుపట్టాలి. బాబూ, ఈయన నీకేమవుతారు?”

ఛైర్మన్ గారు కళ్లతో సైగ చేశారు. అల్లుడుగారు మంచి శిక్షణ పొందిన మనిషి. ఎలుగుబంటిని గట్టిగా పట్టుకుని, “ఈయన... ఈయనెవరో నాకు తెలియదండీ,” అన్నారు.

“తెలియనివాళ్లకి అప్పగించను,” అంది అక్కయ్య. “పోలీసుల్ని పిలుస్తున్నా. కూర్చో నాన్నా.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి! చుట్టరికం ఒప్పుకుంటే పరువు పోతుంది, ఒప్పుకోకపోతే అల్లుడు పోతాడు. అక్కయ్య ఫోను అందుకుంది. ఇక అల్లుడుగారి వల్ల కాలేదు. “మామయ్యా!” అని గావుకేక పెట్టి, మూడు టోపీలూ కింద పడిపోయేలా ఆయన్ని వాటేసుకున్నారు. “నన్ను ఇంటికి తీసుకెళ్లు మామయ్యా! నాకీ ఉద్యోగం వద్దు!”

జనం ఈలలు వేశారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

విలేకరులు ఒక్కసారిగా మీద పడ్డారు. “సార్, చుట్టరికం లేదన్నారు?”

ఛైర్మన్ గారు ఊరికే ఛైర్మన్ కాలేదు. అల్లుడి వీపు నిమురుతూనే సర్దుకున్నారు. “అల్లుణ్ణి చుట్టమంటారటయ్యా ఎవరైనా? చుట్టమంటే వచ్చి వెళ్లేవాడు. అల్లుడు వస్తే వెళ్తాడా?”

“అయితే వారసుడే కదా సార్!”

“వారసురాలు మా అమ్మాయి! ఇతనెవరో పరాయి ఇంటి కుర్రాడు!”

నిపుణురాలు మాత్రం మొహం గంటు పెట్టుకుని, పరీక్ష పరీక్షేనని, బోర్డు గదికి చేరినవారి సంగతి చూద్దామని అందరినీ పైకి తోలుకెళ్లారు. తీరా చూస్తే బిస్కట్ల ఆయన పొరపాటున నిజమైన గేటు తగిలి, ఇదే అదననుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ప్రొఫెసరు అద్దాల మేడలో తనతో తానే వాదిస్తూ దొరికాడు. అల్లుడుగారు మామగారి చెయ్యి పట్టుకుని వచ్చారు కాబట్టి లెక్కకు రారు. జనం తోపులాటలో బోర్డు గదిలోకి కొట్టుకొచ్చిన అభ్యర్థిని నేనొక్కణ్ణే.

“నిబంధనల ప్రకారం ఇక ఈయనే,” అన్నారు నిపుణురాలు.

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు మా కేంద్రం గుర్తు రాలేదు, ఏనుగు బొమ్మలు గుర్తు రాలేదు, కారు రంగు గుర్తొచ్చింది. కుర్చీ నా నడుముకి కాస్త వదులవుతుందేమో, దిండు పెట్టించుకోవచ్చులే అనుకున్నాను.

ఇంతలో ప్రచార విభాగం వాళ్లు ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. మామా అల్లుళ్ల కౌగిలింత అప్పటికే ఊరూరా పాకిపోయింది. ఎవరు చూసినా ఏడుస్తున్నారు. రేపటి టికెట్లు అయిపోయాయి. ఎల్లుండివి కూడా! డైరెక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిపుణురాలి చెవిలో ఎవరో ఏదో చెప్పారు. పక్కగదిలోకి తీసుకెళ్లి ఇంకా ఏదో చెప్పారు. బయటికి వచ్చేసరికి ఆవిడ ముఖంలో కొత్త కాంతి ఉంది.

“ఒక సామాన్య అతిథి నిస్సహాయతను ప్రాణంతో అనుభవించిన అభ్యర్థి ఒక్కరే,” అని ఆవిడ గంభీరంగా చదివారు. “తక్కినవారికి దారి తెలుసు. అది వారి లోపం.”

అల్లుడుగారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఇచ్చిన మాట ప్రకారం ఛైర్మన్ గారు వెంటనే రాజీనామా చేసి, అదే సమావేశంలో గౌరవ మహా ఛైర్మన్‌గా బాధ్యతలు స్వీకరించారు. నేను మర్యాదగా ఓడిపోయి మొదటి చప్పట్లు కొట్టాను. ఇంటికి వెళ్లి చెబితే మా ఆవిడ, “సాధన ఊరికే పోలేదు,” అంది.

మాట తప్పే మనుషులు కారు వాళ్లు. మా కేంద్రం జోలికి ఎవరూ రాలేదు సరికదా, దాన్ని పదింతలు చేశారు! కొత్త అధిపతిగారి మొట్టమొదటి నిర్ణయం అదే. లక్షలమంది చూసి ఏడ్చిన కౌగిలింతను ఉచితంగా పంచడం నేరమని ఆయన అభిప్రాయం. అందుకని మా గదికి పాలరాతి మెట్లు కట్టి, ‘మహా సమాగమం’ అని పేరు పెట్టారు. ఇకనుంచి ఎవరైనా టికెట్టు కొనుక్కుని తప్పిపోవచ్చు. మైకులో ప్రకటన, పరిగెత్తుకొచ్చే బంధువు, కౌగిలింత, ఫొటో, అన్నీ అందులోనే. బంధువులు లేనివారికి కంపెనీయే సమకూర్చుతుంది.

నన్ను సమాగమాల ఉపాధ్యక్షుణ్ణి చేశారు. అద్దాల గది, తిరిగే కుర్చీ. కారు తెల్లది.

టికెట్టు లేనిదే లోపలికి రానివ్వకూడదన్న నిబంధన నా బల్ల మీదికి వచ్చినప్పుడు అక్కయ్య ఎదురుగానే ఉంది. “మరి నిజంగా తప్పిపోయినవాళ్లో?” అని అడిగింది.

“వాళ్లకి రాయితీ గురించి పరిశీలిద్దాం,” అంటూ సంతకం పెట్టాను. ఇంత చక్కటి మాట నా నోటివెంట ఎలా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది. అక్కయ్య నా వంక చూసిన చూపుకి తల ఎత్తలేకపోయాను. కానీ తల దించుకుని సంతకాలు పెట్టడానికి అద్దాల గది చాలా అనువుగా ఉంటుంది. మర్నాడు ఆవిణ్ణి టోపీల దుకాణానికి బదిలీ చేశారు. మైకులో ఇప్పుడు ఎవరిదో రికార్డు చేసిన గొంతు.

ప్రారంభోత్సవం నాడు వరస గేటు దాకా సాగింది. సూట్లు వేసుకున్నవాళ్లు, పట్టుబట్టలు కట్టుకున్నవాళ్లు, తప్పిపోవడానికి ఒకరినొకరు తోసుకుంటున్నారు. భార్యని నాలుగుసార్లు పోగొట్టుకుని మూడుసార్లే తెచ్చుకుంటానని బేరమాడుతున్నాడు ఒకాయన. నేను కౌంటరు దగ్గరే నిలబడి అందరికీ నవ్వు పంచుతున్నాను.

అంతలో మోకాలెత్తు ఆడపిల్ల ఒకతె వరసలోంచి దూరి వచ్చింది. ఒక చెప్పు లేదు. ముక్కు కారుతోంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

“అబ్బ, ఎంత సహజంగా చేస్తోందో!” అన్నారు వరసలోవాళ్లు. చప్పట్లు కూడా కొట్టారు.

నేను కౌంటరు మీదుగా వంగాను. “టికెట్టేదమ్మా?”

“మా అమ్మ దగ్గరుంది.”

వెనక వరస కదలడం లేదు. నాకు తెలిసిన పని ఇదొక్కటే, ఏళ్ల తరబడి చేసిన పని. అయినా నోరు తెరిస్తే నిబంధనే బయటికి వచ్చింది.

“అయితే వెళ్లి మీ అమ్మని తీసుకురా తల్లీ.”

ఆ పిల్ల ఏడుపు ఆపి, ఇంత పెద్దవాడికి ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు నన్ను చూసింది.

“అందుకే కదా వచ్చాను!” అంది.